పాలు నా లెక్క, తాగడం దాని లెక్క

మా పాప 31 వారాలకే పుట్టేసింది. 1,430 గ్రాములు. ఏడుపు వినిపించింది, ఒక్కసారి మొహం చూపించారు, తీసుకెళ్ళిపోయారు. ఆ సాయంత్రం నుంచి ఫోన్ చేసినవాళ్ళంతా పాప ఎలా ఉందని అడిగి, వెంటనే అడిగింది ఒకటే: "పాలు పడ్డాయా?"

తాగాల్సిన పిల్లేమో పై అంతస్తులో గాజుపెట్టెలో ఉంది. నేనేమో కుట్లతో పక్కకి తిరగలేక పడుకుని ఉన్నాను. అసలు మొదటి రోజున ఆ ప్రశ్నకి "ఆఁ, పడ్డాయి" అనగలిగే తల్లి ఎవరూ ఉండరు. మాయ బయటికొచ్చాక ఒంట్లో ప్రొజెస్టిరాన్ పడిపోతుంది. పాలు ఊరడం అప్పుడు మొదలవుతుంది. రొమ్ములు బరువెక్కి అది మనకి తెలిసొచ్చేసరికి రెండు మూడు రోజులు పడుతుంది. నెలలు నిండకపోయినా, ఆపరేషన్ అయినా ఇంకాస్త ఆలస్యం కావచ్చు. అందాకా వచ్చేవి ముర్రుపాలే, అవీ చుక్కల లెక్కన.

ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్ ఒక మాట చెప్పింది. తర్వాతి నెలలన్నీ నేను దాన్ని పట్టుకునే గడిపాను. "పాలు నిలబెట్టుకోవడం మీ పనమ్మా. తాగడం నేర్చుకోవడం పాప పని. ఇప్పుడే ఆ రెండూ కలిపి చూసుకుని ఏడవకండి."

ఏడవకుండా ఏమీ ఉండలేదు గానీ, పని మాత్రం అప్పుడే మొదలుపెట్టించింది. పుట్టిన మొదటి కొన్ని గంటల్లోనే, వీలైతే ఆరు గంటల లోపే, పిండడం మొదలుపెట్టాలట. తొలి రోజు పాలు లాగే మిషన్ కాదు, చేత్తోనే. ఎందుకో చూశాక అర్థమైంది. వచ్చే నాలుగు చుక్కలూ మిషన్ గొట్టాలకే అంటుకుపోతాయి, అడుగున సీసాలో ఏమీ ఉండదు. బొటనవేలు పైన, చూపుడువేలు కింద, చనుమొనకి కాస్త వెనకగా, నల్లటి భాగం అంచు దగ్గర పెట్టాలి. ముందు లోపలికి, ఛాతీ వైపు నొక్కాలి. తర్వాత రెండు వేళ్ళూ దగ్గరికి తెచ్చి వదిలేయాలి. చర్మం మీద వేళ్ళు జారితే రాసుకుపోయి మంట పుడుతుంది తప్ప పాలు రావు. కాసేపటికి మొన మీద పసుపుపచ్చగా, చిక్కగా ఒక చుక్క మెరిసింది. సిస్టర్ సూది లేని చిన్న సిరంజి తెచ్చి ఆ చుక్కని చప్పున లాగేసింది. తర్వాత ఇంకోటి. అలా కూర్చుని కూర్చుని, రెండు వైపులా కలిపి ఒక మిల్లీలీటరు కూడా కాలేదు. మా ఆయన దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని పైకి తీసుకెళ్ళాడు. లిఫ్ట్ ఎక్కకుండా మెట్లెక్కి వెళ్ళాడట, లిఫ్ట్ ఆగిపోతే ఏంటని.

ఆ కొంచెం ఎందుకంటే, పొట్టలోకి వేసే సన్నటి ట్యూబు ద్వారా పాలు మొదలుపెట్టకముందే దూదిపుల్లతో పాప బుగ్గల లోపల రాస్తారు. ముర్రుపాలలో రోగాలతో పోరాడే పదార్థాలు ఎక్కువ. నెలలు నిండని పిల్లల పేగులకి వచ్చే ఎన్‌ఈసీ అనే ప్రమాదకరమైన జబ్బు, తల్లిపాలు తాగే పిల్లల్లో తక్కువగా వస్తుంది. అక్కడి డాక్టర్లు ఆ మాటని బతిమాలినట్టు కాదు, మందుచీటీ రాసినట్టు చెప్తారు. నాకది నచ్చింది. తల్లి ప్రేమ, త్యాగం అంటూ ఎవరైనా మొదలుపెడితే నేనక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోయేదాన్ని.

మర్నాటి నుంచి మిషన్. రెండు వైపులా ఒకేసారి లాగేది. రోజుకి ఎనిమిది సార్లకి తగ్గకుండా, రాత్రి ఒంటిగంటకీ తెల్లవారుజామున అయిదుకీ మధ్య కనీసం ఒకసారి. రాత్రిది ఎగ్గొడదామని మనసు ఎన్ని లాయరు పాయింట్లు లాగుతుందో! కానీ పాలు ఊరించే ప్రొలాక్టిన్ రాత్రిపూటే ఎక్కువగా ఉంటుంది. పైగా రొమ్ము నిండిపోయి అలాగే ఉండిపోతే, ఒళ్ళు దాన్ని "ఇక్కడ అవసరం లేదు" అని అర్థం చేసుకుని ఊరడం తగ్గిస్తుంది. ఖాళీ చేస్తేనే నిండుతుంది. మిషన్ నడుస్తుండగా చేత్తో పైనుంచి కిందికి నిమురుతూ గట్టిగా ఉన్నచోట నొక్కితే ఇంకాస్త వస్తుందని కూడా అక్కడే నేర్చుకున్నాను. మిషన్ ఆపాక చివర్లో చేత్తో పిండేవి మరీ చిక్కగా ఉంటాయి. ఇంకోటి, రొమ్ము మీద పెట్టే గరాటు సైజు. పెట్టెలో వచ్చిన సైజు అందరికీ సరిపోదు. చనుమొన గరాటు గొట్టానికి రాసుకుని ఎర్రబడుతుంటే అది ఓర్చుకోవాల్సిన నొప్పి కాదు, సైజు మార్చుకోవాల్సిన నొప్పి. నాది మార్చాక రెండో రోజుకే తేడా తెలిసింది.

అప్పుడు పాపకి ట్యూబులో పోసేది మూడేసి మిల్లీలీటర్లు. నేను సీసాలు నింపి ఫ్రిజ్‌లో పెడుతుంటే మా అత్తయ్య, "అది తాగేది చెంచాడు కదమ్మా, ఇన్నిన్ని ఎందుకు పిండి అలిసిపోతావ్? కావాల్సినప్పుడు వస్తాయిలే" అంది. మంచికే అంది. కానీ అలా రావు. మొదటి రెండు వారాల్లో ఎంత తరచుగా ఖాళీ చేస్తామన్నదాని మీదే తర్వాతి నెలల పాలు ఆధారపడి ఉంటాయి. రెండో వారం చివరికి రోజుకి 500 మిల్లీలీటర్లు దాటితే నిశ్చింత అని మా వార్డులో చెప్పేవాళ్ళు. పాప ఈరోజు తాగేదాన్ని చూసి కాదు, ఇంటికొచ్చాక తాగబోయేదాన్ని చూసి పిండాలి. నేనా అంకె చేరడానికి రెండు వారాల కన్నా ఎక్కువే పట్టింది. సీసా వైపే చూస్తూ కూర్చుంటే చుక్క కూడా కదిలేది కాదు. పాప సాక్సు పెద్దది ఒకటి సీసాకి తొడిగేసి, ఎంత వచ్చిందో కనపడకుండా చేసుకున్నాను. పాప వాసన పట్టిన గుడ్డ ఒళ్ళో పెట్టుకుంటే పాలు తొందరగా చేపుకొచ్చేవి. ఒకసారి ఫోన్‌లో ఎవరో పిల్ల ఏడుపు వినిపించినా చేపుకొచ్చాయి, అదీ బ్యాంకు క్యూలో.

ఒక విషయంలో మాత్రం నాకు బాగా రోషం వచ్చింది. నా పాలలో ఏదో పొడి కలిపి పోస్తున్నారని తెలిసినప్పుడు. "ఏం, నా పాలు చాలవా?" అని ముక్కుసూటిగానే అడిగాను. కడుపులో ఉండాల్సిన చివరి నెలల్లో బిడ్డ ఎముకలకి కావాల్సిన కాల్షియం, ఫాస్ఫరస్, పెరగడానికి ప్రొటీను తల్లి రక్తంలోంచి చాలా ఎక్కువగా తీసుకుంటుందట. ఆ వేగాన్ని ఏ తల్లి పాలూ అందుకోలేవు, పైగా ఆ చిన్న పొట్టలో ఎక్కువ పాలు పట్టవు. అందుకని అదే పరిమాణంలో కాస్త బలం కలుపుతారు. ఇది ముందే చెప్పి ఉంటే నేనా రెండు రోజులు నిద్ర పాడుచేసుకునేదాన్ని కాదు. చెప్పడానికి పట్టేది రెండు నిమిషాలు.

కంగారూ పద్ధతి గురించి అందరూ చెప్తారు కాబట్టి నేను తక్కువే రాస్తాను. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైందిది. బిడ్డని బట్టల్లేకుండా తల్లి గుండెల మీద కట్టుకోవడమే. అయిదు దేశాల్లో జరిగిన ఒక పెద్ద పరిశోధన 2021లో వచ్చింది. బిడ్డ పూర్తిగా కుదుటపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే ఇలా మొదలుపెడితే తక్కువ బరువు పిల్లల మరణాలు నాలుగో వంతు తగ్గాయని అందులో తేలింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అదే సిఫారసు చేసింది. నాకు తెలిసిన లాభం ఇంకా చిన్నది: పాపని గంటసేపు ఎద మీద ఉంచుకుని దించిన వెంటనే మిషన్ పెడితే ఆ పూట పాలు ఎప్పటికన్నా ఎక్కువొచ్చేవి. ఒకరోజు అలా పడుకోబెట్టుకుని ఉండగానే అది తలని కోడిపిల్లలా ఊపుకుంటూ పక్కకి జరిగి నాలుక చాపింది. సిస్టర్ చూసి, "అడుగుతోంది చూడండి" అంది.

అయితే అడగడం వేరు, తాగడం వేరు. చప్పరించడం, మింగడం, ఊపిరి పీల్చడం మూడూ ఒకదాని వెనక ఒకటి కుదరాలి. ఆ కుదురు సాధారణంగా గర్భం లెక్కలో 32, 34 వారాల మధ్య మొదలై, గట్టిపడేసరికి ఇంకా కొన్ని వారాలు పడుతుంది. అందుకే మొదట్లో మిషన్‌తో ఖాళీ చేసిన రొమ్మునే ఇమ్మన్నారు. పాలు వరదలా వచ్చి పొలమారకుండా, ఊరికే చప్పరించడం అలవాటవడానికి. అదే సమయంలో ట్యూబులో పాలు పోస్తారు. నోట్లో రొమ్ము, కడుపు నిండటం రెండూ దానికి ఒకే సంగతని తెలియాలన్నమాట.

కుడి రొమ్ము పడుతుంటే ఎడమ చెయ్యి. అంటే ఎదుటివైపు చేత్తో పాప మెడ వెనక, చెవుల కింద పట్టుకోవాలి. తలని వెనక నుంచి నెట్టకూడదు, నెడితే అది వెనక్కే విరుచుకుంటుంది. ముక్కు చనుమొనకి ఎదురుగా ఉండేలా ఆనించి, నోరు బాగా తెరిచేదాకా ఆగాలి. తెరిచేది, నాకేది, మూడు సార్లు చప్పరించేది, నిద్రపోయేది. మధ్యలో ఊపిరి మరిచిపోతే మానిటర్ అరిచేది, నా గుండె జారేది. సిస్టర్ వచ్చి మానిటర్ అంకెలు నాకు కనపడకుండా అటు తిప్పింది. "నేను చూస్తా దాన్ని. మీరు పాపని చూడండి, పెదాల రంగు చూడండి."

తాగాక బరువు చూడటం అని ఒకటుంది. పట్టకముందు ఒకసారి, పట్టాక ఒకసారి, అవే బట్టలతో, డైపర్ మార్చకుండా. గ్రాముకి ఒక మిల్లీలీటరు లెక్క. వైర్లు కాటా మీద ఆనకుండా రెండుసార్లూ ఒకేలా ఎత్తి పట్టుకోవాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. మొదటిసారి రెండు గ్రాములు పెరిగింది. వైరు బరువేమో అనుకున్నాం. ఈ కాటా మీద నాకు సదభిప్రాయమూ ఉంది, కోపమూ ఉంది. ట్యూబులో ఎంత తగ్గించవచ్చో అదే చెప్తుంది, సందేహం లేదు. కానీ తల్లి చేతికి పరీక్ష మార్కుల్లా ఇస్తే మాత్రం ప్రాణాలు తోడేస్తుంది. ఒక్కో పూట చూసుకోవద్దు, రోజు మొత్తం మీద చూసుకోండి.

చనుమొన మీద పెట్టుకునే పల్చటి సిలికాన్ తొడుగు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దాని మీద బోలెడు తిట్లు ఉన్నాయి. నెలలు నిండిన పిల్లల సంగతి నాకు తెలీదు. నెలలు నిండని పిల్లకి మాత్రం లాగే బలం చాలదు, రెండు గుక్కలకే మొన నోట్లోంచి జారిపోతుంది. తొడుగుంటే జారదు, ఆగి ఊపిరి తీసుకుని మళ్ళీ మొదలుపెడుతుంది. పాలు పట్టడంలో సాయం చేసే మా కన్సల్టెంటే ఇప్పించింది. పెట్టిన రోజే గుటక వినిపించింది. "క్" అని, గొంతు లోపల, చాలా చిన్నగా. దవడ కిందికి దిగి ఒక్క క్షణం ఆగుతుంది చూడండి, అప్పుడు నోట్లో పాలు నిండుతున్నట్టు. ఆగకుండా చకచకా కదులుతుంటే ఊరికే చప్పరిస్తున్నట్టు. ఈ తేడా పట్టుకోవడం వచ్చాక నాకు కాటాతో పని సగం తగ్గింది.

ఇంటికి పంపేటప్పటికి మూడొంతులు ఉగ్గుగిన్నెతో, ఒక వంతు రొమ్ముతో తాగుతోంది. అసలు యుద్ధం ఇంటికొచ్చాకే మొదలైంది. మానిటర్ లేదు, సిస్టర్ లేదు. ఆకలేస్తే లేచి ఏడ్చే పిల్ల కాదది. నెలలు నిండని పిల్లలు అలిసిపోయి నిద్రపోతారు, చూసేవాళ్ళకి కడుపు నిండి నిద్రపోతున్నట్టు కనిపిస్తుంది. మూడేసి గంటలకి మనమే లేపాలి. పైబట్టలు విప్పి, అరికాలు రుద్ది, లేపి, రొమ్ము పట్టి, చప్పరింపు నెమ్మదించినప్పుడల్లా రొమ్ముని చేత్తో మెల్లగా నొక్కి పాలు అందించి, తర్వాత మిగతావి గిన్నెతో పోసి, ఆపైన మిషన్ పెట్టుకుని, గొట్టాలు కడిగి మరిగించి, పడుకునేసరికి మళ్ళీ లేపే టైము. ఇది ఒక్క మనిషి చేసే పని కాదు. అలా చేయగలిగానని ఎవరైనా రాస్తే, పక్కన ఎవరో ఉండి ఆ సంగతి రాయలేదని అనుకోండి. మా ఇంట్లో నేను రొమ్ము పట్టి పాపని మా ఆయనకి ఇచ్చేసేదాన్ని. ఆయన గిన్నెతో పోస్తుంటే నేను మిషన్ దగ్గర. కడగడమంతా అమ్మ. "నువ్వు ఆ సీసాలు ముట్టుకున్నావంటే చూడు" అనేది. ఎంత లేదన్నా గంటలో మొత్తం ముగించేయాలని గట్టిగా పెట్టుకున్నాం. రొమ్ము దగ్గరే గంట కూర్చోబెడితే పాప తాగే పాల కన్నా దాని ఒంటికయ్యే ఖర్చే ఎక్కువ.

చూడటానికి వచ్చినవాళ్ళు గిన్నె చూసి, "పాలు చాలట్లేదా?" అనేవాళ్ళు. మా అత్తయ్యే ఫ్రీజర్ తలుపు తీసి చూపించేది, తేదీలు రాసి వరసగా పేర్చిన కవర్లు. మొదట్లో ఎందుకింత పిండుతావన్న మనిషే! చాలనిది పాలు కాదు, పాప బలం. ఈ రెంటినీ ఒకటే అనుకునే చాలామంది తల్లులు మిషన్ పక్కన పడేసి, "అదే లాక్కుంటుందిలే" అని రొమ్ముకే వదిలేస్తారు. అరకొరగా లాగే పిల్ల, ఖాళీ అవ్వని రొమ్ము: వారం తిరిగేసరికి నిజంగానే పాలు తగ్గుతాయి. అప్పుడు "చూశావా, చెప్పాను కదా" అనేవాళ్ళు ఎలాగూ ఉంటారు. పిల్ల పూర్తిగా లాగగలిగేదాకా మిషన్ ఆపకూడదు. ఈ టపాలో ఒక్క వాక్యమే గుర్తుపెట్టుకుంటానంటే అది పెట్టుకోండి.

రోజుకి ఆరుకి తగ్గకుండా బాగా తడిసిన డైపర్లు, వారానికోసారి డాక్టరు దగ్గర బరువు. రోజుకి సగటున 20 నుంచి 30 గ్రాములు పెరుగుతుంటే మేం ఇంకేమీ కొలవలేదు. ఐరన్, విటమిన్ డి చుక్కలు డాక్టర్ చెప్పినట్టు వేశాం.

మార్పు వచ్చింది డ్యూ డేట్ దగ్గరపడ్డాక. ముందు నుంచీ సిస్టర్లు చెప్తూనే ఉన్నారు, 40 వారాల దాకా దీన్ని అప్పుడే పుట్టిన పిల్లతో పోల్చొద్దని. నిజంగానే ఆ వారంలో ఒక రాత్రి లేపకుండానే లేచి గుక్కపట్టి ఏడ్చింది. పాలు చేపుకొచ్చినప్పుడు మొదటిసారి పొలమారింది కూడా. అంటే లాగుతోందన్నమాట! నేను వెనక్కి వాలి పట్టడం మొదలుపెట్టాను, ధార నెమ్మదిస్తుందని. తొడుగుని తాగుతుండగా మధ్యలో, ఆకలి కాస్త తీరాక తీసి చూసేదాన్ని. కొన్నిసార్లు ఒప్పుకునేది, కొన్నిసార్లు ఇల్లు ఎగరగొట్టేది. ఒకరోజు తొడుగు వంటింట్లో ఉండిపోయింది, అది లేకుండానే తాగేసింది. గిన్నె పాలు మాత్రం మా ఇష్టానికి తగ్గించలేదు. డాక్టర్‌తో మాట్లాడి, ముందు తెల్లవారుజామున పట్టేప్పుడు ఆపాం, అప్పుడు నా దగ్గర పాలు ఎక్కువ కాబట్టి. వారం బరువు చూసి, తర్వాత ఇంకో పూట. మిషన్ కూడా అలాగే ఒక్కో పూటా తగ్గిస్తూ వచ్చాను. ఒక్కసారిగా ఆపితే పాలు గడ్డకట్టి, జ్వరం వచ్చి, మళ్ళీ అదో బాధ.

నా పక్క కుర్చీలో కూర్చుని పిండుకునే అమ్మాయి ఒకామె ఉండేది. వాళ్ళ బాబు రొమ్ముకి రానేలేదు, తను చాలా నెలలు మిషన్‌తోనే పట్టి ఆపేసింది. ఇలాంటివి చదివితే తనకి తప్పు చేసినట్టు అనిపిస్తుందేమోనని రాస్తున్నాను: ఎన్‌ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూలో) ఆ బాబు పేగుల్ని కాపాడిన పాలు తనవే. రొమ్ము నుంచి వచ్చాయా ట్యూబులోంచి వచ్చాయా అని పేగులు అడగవు.

మొన్న మా ఆయన ఆఫీసులో ఒకతనికి 30 వారాలకే కవలలు పుట్టారు. మిషన్ కావాలని అడిగారు, మోటారు ఇచ్చి పంపాను. పాలు మోటారులోకి వెళ్ళని రకం కాబట్టే ఇచ్చాను. గరాటులు, గొట్టాలు, వాల్వులు మాత్రం కొత్తవి కొనుక్కోమన్నాను, సైజు కొలిపించుకుని. తెల్ల రబ్బరు వాల్వులు అరిగితే మిషన్ లాగుతున్నట్టే ఉంటుంది గానీ పాలు తగ్గిపోతాయి, అందుకని అవి రెండు జతలు దగ్గర పెట్టుకోమన్నాను. వాళ్ళావిడ ఆ రాత్రే మెసేజ్ పెట్టింది, చేత్తో పిండితే సిరంజిలో అర మిల్లీలీటరు కూడా రాలేదని. ఒక్క చుక్కైనా పైకి పంపమన్నాను, మూడింటికి అలారం పెట్టుకోమన్నాను.